ఈసీజీ నార్మల్ అన్నారు సరే, మరి ఈ నొప్పి ఏంటి?

ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఎడమ పక్క ఛాతీలో సూదితో పొడిచినట్టు నొప్పి వచ్చిందంటే ఇంట్లో మొదట వినిపించేది "గ్యాస్ పట్టుంటాదిరా, కాస్త వాము నమిలి తొంగో" అనే మాట. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు. ఫోన్‌లో వెతికితే మాత్రం గుండెపోటు. రెండు మూడు రోజులు ఇలా నలిగి, చివరికి బస్సెక్కి శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి ఈసీజీ తీయించుకుంటే "ఏమీ లేదు, నార్మల్" అని పంపించేస్తారు. వారం తిరక్కుండా నొప్పి మళ్లీ వస్తుంది. ఈసారి భయం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే తన నొప్పి ఏంటో డాక్టర్‌కి కూడా అంతుపట్టలేదని ఆ కుర్రాడు అనుకుంటాడు. నిజానికి డాక్టర్‌కి చాలావరకు తెలిసే ఉంటుంది, చెప్పలేదంతే.

గుండె జబ్బు లేదని తేల్చడం సగం పని. ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది, ఎందుకు వస్తోంది, ఎన్నాళ్లుంటుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని చెప్పడం మిగతా సగం. మన దగ్గర మొదటి సగానికి డబ్బులు కట్టి రిపోర్టులు ఫైల్లో పెట్టుకుంటాం, రెండో సగం అడగం. ఓపీలో వందమంది లైన్లో ఉన్నప్పుడు ఆ డాక్టర్‌కీ చెప్పే తీరిక ఉండదు. యువత ఒక ఆస్పత్రి తర్వాత ఇంకో ఆస్పత్రి తిరగడానికి, అదే ఈసీజీ మళ్లీ మళ్లీ తీయించుకోవడానికి పెద్ద కారణం ఈ మిగిలిపోయిన సగమే.

భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయారు. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో ఉండగా నందమూరి తారకరత్న కుప్పకూలి, ఫిబ్రవరి 18న బెంగళూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. వయసు 39. ఆ తర్వాత పెళ్లి ఊరేగింపులో డాన్స్ చేస్తూ పడిపోయిన కుర్రాడు, జిమ్‌లో కూలబడిన యువకుడు, క్రికెట్ ఆడుతూ ఒరిగిపోయినవాడు అంటూ సీసీ కెమెరా వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. ఒకటి చూస్తే అలాంటివే ఇంకో పది వచ్చి పడతాయి. ఛాతీలో నొప్పితో రాత్రి రెండు గంటలకి ఒంటరిగా పడుకున్న మనిషి ఆ వీడియోలో తనని చూసుకోకుండా ఉండలేడు.

ఈ హఠాన్మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. 18 నుంచి 45 ఏళ్ల లోపు వయసులో, అప్పటిదాకా బాగానే ఉండి అకస్మాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలను, అదే వయసు, అదే ప్రాంతానికి చెందిన 2,916 మందితో పోల్చి చూశారు. దేశమంతటా 47 ఆస్పత్రులు ఇందులో పాల్గొన్నాయి. కోవిడ్ టీకా వల్ల ఈ మరణాల ముప్పు పెరగలేదని తేలింది, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ఇంకా తక్కువే. ముప్పుతో ముడిపడి కనిపించినవి వేరే ఉన్నాయి: గతంలో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఇలాంటి హఠాన్మరణం జరిగి ఉండటం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో మితిమీరి మద్యం తాగడం, మత్తు పదార్థాలు వాడటం, ఆ 48 గంటల్లోనే ఒంటికి బాగా భారమైన శ్రమ చేయడం. ఊళ్లో ఇప్పటికీ "ఆ సూది వల్లే" అనుకుంటూ కుమిలిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన విషయం.

అలాగని మనవాళ్లకి గుండెపోటు రాదని కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్లకి అది 58 దాటాక వస్తోందని తేలింది. మనకి కనీసం అయిదేళ్లు ముందే వస్తోందన్నమాట. కానీ 53 సగటు అంటే 23 కాదు. ఇరవైల్లో గుండె రక్తనాళాలు పూడుకుపోవడం చాలా అరుదు, వచ్చినవాళ్లలో కూడా ఎక్కువగా కనిపించే అలవాటు సిగరెట్. దానితోపాటు షుగర్, బీపీ, వంశపారంపర్యంగా బాగా ఎక్కువ కొలెస్ట్రాల్, తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉండటం లాంటివి ఉంటాయి. ఇవేవీ లేని ఇరవై మూడేళ్ల వాడికి ఛాతీలో ఒకే చోట పొడుస్తుంటే, కారణం గుండె బయట ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

బయట అంటే ఎక్కడ? అన్నిటికంటే ఎక్కువగా ఛాతీ గోడలోనే. పక్కటెముకలు ముందువైపు రొమ్ము ఎముకకి నేరుగా అతుక్కోవు, మధ్యలో మెత్తటి ఎముక ఉంటుంది. అక్కడ వాపు లాంటి చికాకు వస్తే కాస్టోకాండ్రైటిస్ అంటారు. వేలితో నొక్కితే "అమ్మో, అక్కడే" అని మనిషి ఉలిక్కిపడతాడు. గట్టిగా దగ్గినా, పక్కకి ఒరిగినా, చెయ్యి పైకెత్తినా ఎక్కువవుతుంది. కొత్తగా జిమ్‌లో చేరి మొదటి వారమే బరువులెత్తినవాళ్లు, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు దొర్లించేవాళ్లు, పలాస జీడి షెడ్లలో గంటల తరబడి వంగి కూర్చునేవాళ్లు, కోతల కాలంలో ధాన్యం బస్తాలు మోసేవాళ్లు, నెల రోజులు దగ్గిన వాళ్లు, వీళ్లందరికీ ఇది రావచ్చు. వారాలు ఉంటుంది, కొందరికి నెలలు కూడా ఉంటుంది, తగ్గి మళ్లీ వస్తుంది. ప్రమాదం లేనిది, కానీ నొప్పి మాత్రం నిజమైనది. "ఏమీ లేదు" అని పంపిస్తే ఆ మనిషికి కోపం రావడంలో తప్పేముంది?

ఇంకొకటుంది, దీని గురించి తెలిసినవాళ్లు బాగా తక్కువ. కదలకుండా కూర్చుని ఉంటారు, కాస్త వంగి ఫోనో పుస్తకమో చూస్తుంటారు, ఉన్నట్టుండి ఎడమ రొమ్ము కింద ఒక్క చోట, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట, కత్తితో గుచ్చినట్టు నొప్పి వస్తుంది. ఊపిరి లోపలికి తీస్తే ఇంకా గుచ్చుకుంటుంది, అందుకే ఊపిరి బిగబట్టి మెల్లగా తీసుకుంటారు. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. వచ్చినంత హఠాత్తుగా పోతుంది. ప్రీకార్డియల్ క్యాచ్ అని పేరు, 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వర్ణించారు, వాళ్లలో ఒకరికి తనకే ఈ నొప్పి ఉండేది. పిల్లల్లో, ఇరవైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది. మందు లేదు, అక్కర్లేదు కూడా. ఈ ఒక్క పేరూ వివరమూ ఎవరైనా ముందే చెబితే ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పేవో.

ఇక గ్యాస్. ఇంట్లో అమ్మలు చెప్పే మాటలో కొంత నిజం ఉంది, కానీ ఛాతీ నొప్పి పుట్టించేది సాధారణంగా గ్యాస్ కాదు, కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం. అన్నవాహికకి, గుండెకి నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయి. ఒకే కరెంటు మీటరు మీద రెండు వాటాల వాళ్లు ఉంటే బిల్లు చూసి ఎవరు ఎంత వాడారో చెప్పలేం కదా, మెదడు పరిస్థితీ అంతే, నొప్పి వచ్చిందని తెలుస్తుంది కానీ ఎవరి నుంచో తేల్చుకోలేదు. అందుకే ఆమ్లం నొప్పి అచ్చం గుండె నొప్పిలా రొమ్ము మధ్యలో మంటగా, బిగింపుగా ఉండొచ్చు. రాత్రి పదిన్నరకి బిర్యానీ తిని పదకొండుకి పడుకునేవాళ్లకి, పొద్దున టిఫిన్ మానేసి టీలతో గడిపేవాళ్లకి, సిగరెట్, గుట్కా, మందు అలవాటున్నవాళ్లకి ఎక్కువ. పడుకుంటే పెరగడం, పుల్లటి తేన్పులు, తెల్లవారుజామున గొంతులో మంట దీని గుర్తులు. పాంటోప్రజోల్ లాంటి మాత్ర అన్నం తిన్నాక వేసుకుని "పనిచేయలేదు" అనేవాళ్లు చాలామంది, అది పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాల్సిన మాత్ర. రాత్రి భోజనానికి, పడకకి మధ్య మూడు గంటలు ఉంచితే కొందరికి మాత్రే అవసరం పడదు.

అయితే ఇదే "గ్యాస్" అన్న మాట ప్రాణాలు తీసిన సందర్భాలూ ఉన్నాయి. నలభై అయిదేళ్ల మనిషి, షుగర్ ఉంది, చెమటలు కారుతున్నాయి, గుండెల మీద బండ పెట్టినట్టుంది, అయినా సోడా తాగించి పడుకోబెడతారు. యువకుడికి అనవసరమైన గుండెపోటు భయం, పెద్దవాడికి అనవసరమైన గ్యాస్ ధైర్యం. మన ఇళ్లలో ఈ రెండూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి.

తర్వాతది టెన్షన్. ఈ మాట వింటేనే యువతకి ఒళ్లు మండుతుంది, "నాకు పిచ్చి అంటున్నారా" అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ జరిగేది ఒంట్లో జరిగేదే. భయపడినప్పుడు ఊపిరి వేగంగా, పైపైన తీసుకుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోతాయి. అడ్రినలిన్ వల్ల గుండె దడదడలాడుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు గంటల తరబడి బిగుసుకుని నొప్పి పుడుతుంది. ప్యానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి ఆ తర్వాత మెల్లగా దిగుతుంది, కానీ ఆ పది నిమిషాల్లో చచ్చిపోతున్నానన్న నమ్మకం ఎంత గట్టిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇది ఈ తరం సుకుమారం అనుకునే పెద్దలకి ఒక పాత సంగతి చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన యువ సైనికుల్లో ఛాతీ నొప్పి, దడ, ఆయాసంతో బాధపడే వందలమందిని జాకబ్ డా కోస్టా అనే వైద్యుడు పరీక్షించి 1871లో రాశాడు. చాలామందికి గుండెలో చెప్పుకోదగ్గ జబ్బేమీ కనబడలేదు, బాధ మాత్రం కళ్ల ముందే ఉంది. దానికి సైనికుడి గుండె అని పేరు పడింది. తుపాకులకి ఎదురెళ్లిన వాళ్లకే వచ్చినప్పుడు, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే అమ్మాయికో, ఇంటి అప్పు మొత్తం తన మీదే ఉందని తెలిసి హైదరాబాద్ హాస్టల్ గదిలో పడుకున్న ఇచ్ఛాపురం కుర్రాడికో రాకూడదా?

ఈ నొప్పులన్నిటినీ నిలబెట్టి ఉంచేది ఒక చక్రం. పక్కటెముక దగ్గర చిన్న నొప్పి వస్తుంది, గుండె అనుకుంటారు, భయంతో దడ వస్తుంది, దడ చూసి భయం రెట్టింపవుతుంది, కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. రోజుకి పదిసార్లు నాడి పట్టుకుని చూడటం, స్మార్ట్‌వాచ్‌లో గుండె వేగం చూస్తూ కూర్చోవడం, నొప్పి ఉన్నచోట నొక్కి నొక్కి చూడటం, ఫోన్‌లో వెతకడం, ఇవన్నీ చక్రాన్ని ఇంకా తిప్పుతాయి. నొక్కి చూసే అలవాటు వల్లే ఆ చోట పచ్చిపుండులా తయారైనవాళ్లు ఉన్నారు. ఈసీజీ నార్మల్ వస్తే రెండు రోజులు ధైర్యం, మూడోరోజు "ఆ రోజు నొప్పి లేదు కదా, అందుకే కనబడలేదేమో" అన్న అనుమానం.

ఆ అనుమానంలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. మామూలు ఈసీజీ పది సెకన్ల రికార్డు, అంతే. నొప్పి లేనప్పుడు తీసినది అన్నీ చెప్పదు. గుండెపోటులో కూడా మొదటి ఈసీజీ ఒక్కోసారి మామూలుగానే కనబడుతుంది, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా నొప్పి మొదలైన వెంటనే చేస్తే పెరిగి ఉండకపోవచ్చు, అందుకే అనుమానం ఉన్నప్పుడు కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు. డాక్టర్ తేల్చేది ఒక్క కాగితం చూసి కాదు, నొప్పి కథ, వయసు, అలవాట్లు, చేత్తో నొక్కి చూసిన ఫలితం, కాగితం, అన్నీ కలిపి. కాబట్టి డాక్టర్ దగ్గర కథ పూర్తిగా చెప్పడం పరీక్షల కంటే ముఖ్యం. ఎంతసేపు ఉంది, ఏం చేస్తుంటే వచ్చింది, ఏం చేస్తే తగ్గింది, సిగరెట్ తాగుతారా. ఆ చివరిది అమ్మానాన్న పక్కన ఉంటే చెప్పరు. అవసరమైతే వాళ్లని కాసేపు బయట కూర్చోమనాలి.

రిపోర్టుల విషయంలో ఇంకో పెద్ద గండం ఉంది. ఈసీజీ మిషన్ తనంతట తానే పైన కొన్ని మాటలు ముద్రిస్తుంది. "సైనస్ అరిథ్మియా" అని చూసి గుండె లయ తప్పిందని ఏడ్చినవాళ్లున్నారు. యువతలో ఊపిరి తీసేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడమే అది, ఆరోగ్యకరమైనది. "ఎర్లీ రీపోలరైజేషన్" అనేది సన్నగా, చురుగ్గా ఉండే కుర్రాళ్లలో తరచుగా కనిపించే గీత, దాన్ని మిషన్ ఒక్కోసారి గుండెపోటుగా కూడా పొరబడుతుంది. "ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ", అంటే గుండె కుడివైపుకి కరెంటు కబురు కాస్త ఆలస్యంగా చేరడం, కూడా జబ్బేమీ లేని యువతలో మామూలే. గుండెని స్కాన్ చేసి చూసే ఎకో రిపోర్టులో "ట్రివియల్ ఎంఆర్", "మైల్డ్ టీఆర్" అని ఉంటే వాల్వు లీకవుతోందని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకుంటారు, మంచి మిషన్‌తో చూస్తే ఆరోగ్యవంతుల్లో కూడా ఆ కొద్దిపాటి లీకు కనబడుతుంది. డాక్టర్ చూసి వివరించేదాకా రిపోర్టుని ఫోన్‌లో పెట్టి వెతక్కండి. అలాగే రిపోర్టు ఇచ్చే డాక్టర్లు కూడా ఆ మాటల పక్కన "ఇది మామూలే" అని తెలుగులో ఒక్క ముక్క రాసిస్తే ఎంత మేలు.

ఇప్పటిదాకా ధైర్యం చెప్పే మాటలు. ధైర్యం చెప్పకూడని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది శ్రమతో వచ్చే నొప్పి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున ఏ మైదానం చూసినా, శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియం అయినా, ఊరి బడి మైదానం అయినా, ఆర్మీ కోసం, కానిస్టేబుల్ కోసం 1600 మీటర్లు పరుగెత్తే కుర్రాళ్లు కనబడతారు. పరుగెత్తేటప్పుడు ఛాతీ బిగదీసి, ఆగితే తగ్గే నొప్పి, పరుగు మధ్యలో కళ్లు తిరిగి పడిపోవడం, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా పరుగు ఆపేసి ముందు ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. గుండె కండరం పుట్టుకతో వచ్చే లోపం వల్ల మందంగా పెరిగే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి జీవితాంతం ఇబ్బంది పెట్టదు, కొందరికి మాత్రం మొదటిసారి బయటపడేది గ్రౌండ్‌లోనే. ఎకోలో ఇది తెలుస్తుంది. నోటిఫికేషన్ వచ్చిందని ఏడాదంతా కూర్చున్నవాడు ఒక్కసారిగా దిగి ఊపిరాడనంత పరుగులు తీయడం, జ్వరం ఇంకా పూర్తిగా తగ్గకుండానే ప్రాక్టీస్‌కి వెళ్లడం, రెండూ మానుకోవాల్సినవే. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు వచ్చే మయోకార్డైటిస్ యువతలో రాగలదు, దానికి విశ్రాంతి చాలా అవసరం.

రెండోది రుమాటిక్ గుండె జబ్బు. పెద్ద నగరాల్లో తగ్గినా పల్లెల్లో, సీతంపేట వైపు గిరిజన గూడేల్లో మర్చిపోకూడనిది. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి సరైన వైద్యం లేక, తర్వాత జ్వరంతో మోకాళ్లు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచి, కొన్నేళ్లకి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఇరవైల్లో మెట్లెక్కితే ఆయాసం, దడ. ఆడపిల్లల్లో తొలి కాన్పు సమయంలో బయటపడటం మామూలే. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ క్రమం తప్పకుండా తీసుకుంటే జబ్బు ముదరకుండా ఆగుతుంది.

ఊపిరితిత్తుల సంగతి క్లుప్తంగా. పొడుగ్గా సన్నగా ఉండి సిగరెట్ తాగే కుర్రాడికి ఒక పక్కన హఠాత్తుగా నొప్పి, ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయాలి. కాన్పు అయినవాళ్లకి, కాలు విరిగి మంచాన ఉన్నవాళ్లకి, కాలు వాచినవాళ్లకి ఆయాసంతో నొప్పి వస్తే రక్తం గడ్డ ఊపిరితిత్తిలోకి వెళ్లిందేమో చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష, ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షా మందులూ ఉచితం. ఒక పక్కన చర్మం మండుతూ నాలుగు రోజులకి పొక్కులు లేస్తే అక్కి.

అసలైన గుండె నొప్పిని మనిషి వేలితో చూపించడు, పిడికిలి బిగించో అరచేయి పరిచో రొమ్ము మీద పెట్టుకుంటాడు. బరువుగా, నొక్కేసినట్టు, పిండేసినట్టు ఉంటుంది. చేతికి, దవడకి, మెడకి, వీపుకి పాకుతుంది. చల్లటి చెమట, వాంతి వచ్చేలా ఉండటం, ఆయాసం. ఇలా పది నిమిషాలు దాటితే వయసు ఎంతైనా 108కి ఫోన్ చేయాలి, బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు, మనిషిని నడిపించకూడదు. ఆస్పిరిన్ లాంటివి 108 వాళ్లో డాక్టరో చెబితేనే ఇవ్వాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం నూటముప్పై కిలోమీటర్ల దూరం, అక్కడివాళ్లకి ఒడిశాలోని బరంపురమే దగ్గర. నేరుగా విశాఖలోని పెద్దాస్పత్రి కేజీహెచ్‌కే పోదాం అని రెండు మూడు గంటలు దారిలోనే గడిపేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటని తేలితే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో ఉంది. అది ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది, విశాఖ ఆ తర్వాత వెళ్లొచ్చు.

అమ్మాయిల విషయంలో జరిగే అన్యాయం వేరు. కుర్రాడికి నొప్పంటే కనీసం ఈసీజీ తీయిస్తారు, అమ్మాయికి వస్తే "టెన్షన్ పడుతోంది, పెళ్లయితే సర్దుకుంటుంది" అంటారు. ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే, హిమోగ్లోబిన్ బాగా తగ్గితే దడ, ఆయాసం, ఛాతీలో బరువు అన్నీ వస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. రెండు రక్తపరీక్షలతో తేలిపోయేదాన్ని ఏళ్లపాటు మనసు మీదకి నెట్టేస్తున్నాం. కాన్పు అయిన కొద్ది వారాల్లో గట్టి ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఆలస్యం వద్దు, ఆ సమయంలో గుండె రక్తనాళం లోపలి పొర చీలడం అరుదుగా జరుగుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకి మూలకారణం దశాబ్దాలుగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. కారణం ఏదైనా, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు కిడ్నీలకి హాని చేస్తాయన్నది ఖాయం. ఛాతీ గోడ నొప్పికి ఊళ్లో మొదట పొడిచేది ఆ ఇంజెక్షనే. నెలకి రెండుసార్లు నొప్పి వచ్చి రెండుసార్లూ ఇంజెక్షన్ వేయించుకునే కుర్రాడు, ప్రాణహాని లేని నొప్పి కోసం ప్రాణానికి అవసరమైన కిడ్నీని పణంగా పెడుతున్నాడు. వేడి కాపడం, బరువులు ఎత్తడం కొన్నాళ్లు ఆపడం, అవసరమైతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలామందికి సరిపోతాయి. అంతకు మించి కావాలంటే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఇప్పటికే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి ఛాతీ నొప్పి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది, వాళ్లకి గుండె జబ్బు ముప్పూ ఎక్కువే, గుండె చుట్టూ పొరకి వాపూ రావొచ్చు. వాళ్లని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మళ్లీ ఆ మిగిలిపోయిన సగం దగ్గరికి. న్యూజిలాండ్‌లో ఛాతీ నొప్పితో పరీక్షకి వచ్చినవాళ్ల మీద చేసిన ఒక ప్రయోగం 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ట్రెడ్‌మిల్ పరీక్షకి ముందే కొందరికి "ఈ పరీక్ష ఏం చూస్తుంది, నార్మల్ వస్తే దాని అర్థం ఏంటి, అప్పుడు నొప్పికి మామూలుగా ఉండే కారణాలేంటి" అని వివరించారు. అలా ముందే విన్నవాళ్లు నార్మల్ అనగానే నిజంగా నమ్మి కుదుటపడ్డారు, నెల తర్వాత చూసినా వాళ్లలో నొప్పి ఉందన్నవాళ్లు తక్కువే. అదే పరీక్ష, అదే ఫలితం, తేడా అంతా ముందు చెప్పిన నాలుగు మాటల్లోనే. మన ఓపీల్లో ఇది డాక్టరే చెప్పాలని లేదు, నర్సు చెప్పొచ్చు, ఈసీజీ తీసే టెక్నీషియన్ దగ్గర తెలుగులో ఒక కాగితం పెట్టొచ్చు. అప్పటిదాకా మనమే అడగాలి: "డాక్టర్ గారూ, గుండె కాదన్నారు, మరి ఇది ఏంటని మీకనిపిస్తోంది? ఎన్ని రోజుల్లో తగ్గాలి? ఎలాంటి మార్పు వస్తే మళ్లీ రావాలి?" ఈ మూడు ప్రశ్నలకి రెండు నిమిషాలు చాలు.

ప్యానిక్ అని తేలితే దానికి వైద్యం ఉంది, సిగ్గుపడే పనేమీ లేదు. ఆలోచనా తీరుని సరిచేసే సీబీటీ అనే కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, రెండూ బాగా పనిచేస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. మందుల షాపులో చీటీ లేకుండా నిద్రమాత్ర అడిగి తెచ్చుకోవద్దు, ఆల్ప్రజోలామ్ లాంటివి కొద్ది వారాల్లోనే అలవాటైపోతాయి.

ఒకసారి సరైన పరీక్ష జరిగి, కారణం చెప్పించుకున్నాక అదే నొప్పి అదే తీరులో వస్తే మళ్లీ ఈసీజీకి పరుగెత్తక్కర్లేదు. నొప్పి తీరు మారితే మాత్రం వెళ్లాలి: ఇంతకుముందు కూర్చున్నప్పుడు వచ్చేది ఇప్పుడు మెట్లెక్కితే వస్తోంది, సెకన్లు ఉండేది అరగంట ఉంటోంది, కొత్తగా ఆయాసమో, కళ్లు తిరగడమో, చెమటో, జ్వరమో తోడైంది. అప్పుడు పాత ఫైలు, పాత ఈసీజీ కూడా వెంట తీసుకెళ్లండి, కొత్తదాన్ని పక్కన పెట్టి పోల్చడానికి డాక్టర్‌కి అది బాగా పనికొస్తుంది.